వెలికొండ కింద జీవాల బాటల్లో పరిగెత్తాలంటే

నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే రౌండ్లు కొట్టేవాళ్ళు, ఒంగోలులో రోడ్డు పక్కన పరిగెత్తేవాళ్ళు ఈ మధ్య చానామంది అడుగుతా ఉన్నారు, కొండల్లో పరిగెత్తాలని ఉంది ఎట్టా మొదలుపెట్టేది, అరకు పోవాలా ఊటీ పోవాలా అని. అంత దూరం ఎందుకండీ, మనకి పడమటి పక్కన వెలికొండలు బారుగా ఉన్నాయి కదా, రాపూరు పెంచలకోన నుంచి ఉదయగిరి, సీతారాంపురం, అట్టా పైకి పోతే సీఎస్ పురం దగ్గర భైరవకోన దాకా. మరీ పెద్ద కొండలు కావు, ఆయాసంతో చచ్చిపోయే ఎత్తులూ కావు, కొండ కింద అడివి, అడివి పక్కన కసువు (గడ్డి) బీళ్ళు, బీళ్ళ పక్కన చేలు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి నేల నాకైతే కనపళ్ళేదు.

కానీ ముందే ఒక మాట చెప్తా, ఇది గట్టిగా పట్టుకోండి. పరిగెత్తాల్సింది అడివి అంచున, లోపల కాదు. పెంచలకోన చుట్టుపక్కల అడివంతా పెనుశిల నరసింహ అభయారణ్యం కిందకి వస్తుంది, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా లోపలికి పోవటం నేరం. పైగా ఇది ఎర్రచందనం అడివి, తెల్లారకముందే తలకి లైటు కట్టుకుని బ్యాగు తగిలించుకుని పరిగెత్తేవాడు ఫారెస్టోళ్ళకి ఎట్టా కనపడతాడో మీరే ఆలోచించండి. లోపల దారిలో పోవాలని ఉంటే ముందు ఫారెస్టు రేంజ్ ఆఫీసుకి పోయి అడగండి, ఎంతమంది, ఏ దారి, ఎన్నింటికి తిరిగొస్తాం అన్నీ రాసివ్వండి, వద్దంటే వదిలేయండి. గిద్దలూరు, మార్కాపురం అవతల నల్లమల సంగతైతే అసలు అడగబాకండి, అది పెద్దపులుల అడివి, పరుగుకి పనికిరాదు.

మరి అంచున యాడ పరిగెత్తేది అంటే, జీవాల బాటలు. గొర్రెలు మేకలు రోజూ నడిచి నడిచి ఒక మనిషి పట్టేంత వెడల్పున నున్నగా తయారైన బాటలు కొండ కింద ఊళ్ళన్నిటికీ ఉంటాయి. మన నెల్లూరు గొర్రె పొడుగుకాళ్ళది, దేశంలో ఉన్న జాతుల్లో బాగా ఎత్తయినదిగా పేరు, రోజంతా మేస్తా మైళ్ళు నడుస్తుంది, అది నడిచిన బాటలో ముళ్ళకంప తక్కువ, వాలు కూడా అడ్డంగా మెల్లిగా ఎక్కుతుంది. ఊళ్ళోకి పోయి టీ తాగి కాపరి ఎవరైనా ఉంటే అన్నా ఈ బాట యాడికి పోతుంది, నీళ్ళు యాడ ఉన్నాయి, ఎలుగ్గొడ్డు ఏమైనా తిరగతా ఉందా అని అడగండి. మ్యాప్ యాప్‌లు వాడండి, రూట్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి ఎందుకంటే కోనల్లో సిగ్నల్ ఉండదు, కానీ నిన్న సాయంత్రం చిరుత మేకని పట్టిందని ఏ యాప్ కూడా చెప్పదు, కాపరే చెప్తాడు.

సీజన్ సంగతికి వస్తే మనకి వానలు అందరిలాగా జూన్‌లో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే మనకి అసలు వాన. కాబట్టి డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మన కాలం. సంక్రాంతి అప్పుడు బీళ్ళలో కసువు మోకాలి దాకా ఉంటుంది, మంచు పట్టి ఉంటుంది, ఆ పొద్దున ఒక్కసారి పరిగెత్తారంటే మళ్ళీ తారురోడ్డు మీద కాలు పెట్టబుద్ధి కాదు. తుపాను వానల్లో మాత్రం పోబాకండి, మనం నిలబడ్డ చోట చినుకు లేకపోయినా పైన కోనలో కురిస్తే వంక (వాగు) ఒక్కసారిగా వచ్చేస్తుంది, పోయేటప్పుడు దాటిన వంక వచ్చేటప్పుడు దాటలేరు. మార్చి సగం దాటాక ఎనిమిదిన్నరకే రాయి కాలిపోతా ఉంటుంది, ఏప్రిల్, మే వద్దే వద్దు.

ఇప్పుడు పరిగెత్తే పద్ధతి. రోడ్డు మీద కిలోమీటరు ఆరు నిమిషాల్లో కొట్టేవాళ్ళు ఇక్కడ పది, పన్నెండు పట్టినా కంగారు పడబళ్ళేదు. కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టి టైమ్ లెక్క పెట్టుకోండి, మొదటి నెల వారానికి ఒకసారి 45 నిమిషాలు, తర్వాత గంట, గంటన్నర. ఉజ్జాయింపుగా ప్రతి 100 మీటర్లు ఎత్తు ఎక్కితే చదును మీద ఇంకో కిలోమీటరు పరిగెత్తినంత అని నేను లెక్కేసుకుంటా. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయండి, మాట్లాడలేనంత ఆయాసం వచ్చిందంటే నడవండి, చేతులు తొడల మీద పెట్టి నొక్కుతా నడవండి, కొండల్లో అనుభవం ఉన్నవాళ్ళు కూడా నిటారు వాలులో నడిచే ఎక్కుతారు, దాంట్లో తప్పేం లేదు. దిగేటప్పుడే అసలు కష్టం. మనోళ్ళు భయపడి ఒళ్ళు వెనక్కి వాల్చి మడమ మీద బ్రేకు వేస్తారు, అప్పుడే జారతారు, మోకాళ్ళు కూడా అప్పుడే పోతాయి. ఒళ్ళు కొంచెం ముందుకే ఉంచి, మోకాలు కాస్త వంచి, టకటకా చిన్న అడుగులు వేస్తా, చేతులు రెక్కల్లాగా పక్కకి వదిలేసి దిగండి, చూపు పాదాల మీద కాకుండా మూడు నాలుగు మీటర్లు ముందర ఉండాలి.

నేల కూడా చూసుకోవాలి. ఈ కొండల రాయి గట్టిది, అంచులు పదును, తడి పాచి పట్టిందంటే సబ్బు మీద కాలేసినట్టే. బీళ్ళలో కనపడే పలుగురాళ్ళు కసువు కింద దాక్కుని ఉంటాయి, మొదటి ఏడాది నేను ఉదయగిరి కింద బీడులో కసువు మెత్తగా ఉంది కదా అని స్పీడు పెంచి రాయి మీద కాలేసి చీలమండ తిప్పుకున్నా, నాలుగు కిలోమీటర్లు కర్ర పట్టుకుని వచ్చా, ఆరు వారాలు పరుగు లేదు. అందుకే చెప్తున్నా, కసువు మోకాలి పైకి ఉంటే నడవండి, బాట కనపడే చోటే పరిగెత్తండి. ఇంకొకటి, బాట వదిలి పొదల్లో అడ్డంగా పోబాకండి. ఈ కొండలకి అవతల కడప వైపు కలివి పొదల్లోనే, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనపడింది, అది నేల మీద తిరిగే పక్షి, మనం తొక్కే పొద దానికి ఇల్లు కావచ్చు.

షూ విషయంలో ఎక్కువ డబ్బులు పెట్టాల్సిన పనిలేదు గానీ రోడ్డు షూ మాత్రం వద్దు, అడుగున 4-5 మిల్లీమీటర్ల పళ్ళు ఉండేది, ముందు వేళ్ళ దగ్గర గట్టిగా ఉండేది తీసుకోండి. సాక్స్ పిక్కల దాకా ఉండాలి, పల్లేరుగాయలు, కసువు ముళ్ళు పొట్టి సాక్స్‌లో దూరితే పది నిమిషాలకోసారి ఆగి ఏరుకోవాల్సిందే.

నీళ్ళు గంటకి అరలీటరు లెక్కన తీసుకుపోండి, ఎండ ఉంటే ఇంకా ఎక్కువ. ఇంట్లోనే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు టీస్పూన్లు చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపితే అదే ఓఆర్ఎస్, నిమ్మకాయ పిండుకోండి. తినేదానికి శనక్కాయ ఉండలు, ఖర్జూరం చాలు. వంకలో నీళ్ళు తాగబాకండి, పైన గొడ్లు దిగి ఉంటాయి. ఒకసారి మార్చిలో నీళ్ళు అయిపోయి నాలిక పిడచగట్టుకుపోతే ఒక కాపరి తాత ఎండిన వంకలో ఇసక తోడి చెలమ తీసి ఊరిన నీళ్ళు తేర్చి ఇచ్చాడు, ఆ రోజు గండం గడిచింది కానీ ఆ తాత ప్రతిసారీ ఉండడు కదా, అప్పటి నుంచీ అరలీటరు అదనంగా మోస్తున్నా.

జంతువుల్లో ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది ఎలుగుబంటితో. చలికాలంలో రేగిపళ్ళ కోసం పొదల్లోకి వస్తుంది, తర్వాత ఇప్పపూల కోసం, చీకటి మాటునే ఎక్కువ తిరుగుతుంది. అందుకని జనవరిలో ఆరున్నరకి గానీ పొద్దు పొడవదు కాబట్టి బాగా వెలుతురు వచ్చాకే మొదలుపెట్టండి, తొమ్మిదికల్లా బయటికి వచ్చేయండి, ఒక్కరే పోబాకండి, ముగ్గురు ఉంటే మంచిది, మలుపుల దగ్గర మాట్లాడుకుంటా చప్పుడు చేస్తా పోండి, చెవుల్లో పాటలు వద్దు. మందకి కాపలా ఉండే కుక్కలు కూడా ఉన్నాయి, మంద కనపడగానే పరుగు ఆపి నడవండి, కాపరిని కేకేసి పలకరించండి, ఆయన ఒక్క మాటంటే కుక్క ఆగిపోతుంది, మీరు పరిగెత్తితే మాత్రం వెంటపడుతుంది. పాము కరిస్తే కట్టు బిగించటం, కోయటం, నోటితో పీల్చటం ఏదీ చేయబాకండి, కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి గవర్నమెంటు ఆసుపత్రికి పోండి, విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉచితం, నాటుమందు కోసం గంట వేస్టు చేస్తే ప్రాణం మీదకి వస్తుంది.

పాము కంటే నన్ను భయపెట్టింది స్క్రబ్ టైఫస్. కసువులో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు కుట్టటం వల్ల వస్తుంది, వానలు పోయి చలి మొదలయ్యే రోజుల్లో మన వైపు కేసులు ఎక్కువ. కుట్టినప్పుడు తెలియదు, పది రోజులకి జ్వరం, విపరీతమైన తలనొప్పి, కొంతమందికి కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ. మాతో పరిగెత్తే ఒక అబ్బాయికి వస్తే వారం రోజులు మామూలు జ్వరం అనుకుని బిళ్ళలు మింగాడు, చంకలో మచ్చ చూశాక గానీ డాక్టరుకి అర్థం కాలేదు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. కాబట్టి బీళ్ళలో తిరిగొచ్చాక జ్వరం వస్తే కసువులో పరిగెత్తాం అని డాక్టరుకి మీరే చెప్పండి. కసువులో కూర్చోబాకండి, ఇంటికి రాగానే బట్టలన్నీ వేడినీళ్ళలో వేసి రుద్దుకుని స్నానం చేయండి, పిడుదులు పట్టాయేమో చెవుల వెనక, మోకాళ్ళ వెనక చూసుకోండి.

రెండు మూడు నెలలు అంచున తిరిగాక ఉదయగిరి దుర్గం పెట్టుకోండి. సముద్రమట్టానికి 3000 అడుగుల పైమాటే, కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర నుంచి 1514లో గెలుచుకున్న కోట. మొత్తం పరిగెత్తాలనుకోబాకండి, ఎక్కేది నడక, పైన మసీదు, కూలిన గోడల మధ్య చదునుగా ఉన్న చోట పరుగు, దిగేది సగం నడక సగం పరుగు. వచ్చేటప్పుడు ఉదయగిరిలో చెక్కతో చెంచాలు, గరిటెలు చేసే ఇళ్ళకి పోయి చూడండి, ఈ కొండ చెక్కతోనే తరాలుగా చేస్తా ఉన్నారు, ఒక గరిటె కొనుక్కుంటే వాళ్ళకీ ఆసరా. పోయే ముందు రోజు సాయంత్రం ఇంట్లోవాళ్ళకి దారి, తిరిగొచ్చే టైమ్ చీటీ మీద రాసి ఇవ్వండి, ఆ టైముకి గంట దాటినా ఫోన్ రాకపోతే 112కి చేయమని చెప్పండి, కింద టీ కొట్టు దగ్గరకి రాగానే ముందు ఆ ఫోన్ చేసి తర్వాత టీ తాగండి.