ఎండతో నీలి ఫొటో: ఇంట్లో సైనోటైప్ ఎలా చేయాలి?

కలర్ ఫొటో పేపరుతో పని చేయాలంటే చిమ్మచీకటి కావాలి, నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద పడేసే ఎన్‌లార్జరు కావాలి. మందు పూసిన కాగితం మీద ఎండ తగిలిన చోట నీలం, నీడ పడ్డ చోట తెలుపు వచ్చే సైనోటైప్‌కు ఆ రెండూ అక్కర్లేదు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతికి రెండు ఇనుప లవణాలు, ఎండ, నీళ్లు చాలు. బెజవాడలో ఎండకేం కొదవ? ఇక్కడ సతాయించేవల్లా బోరు నీళ్లూ, గాలిలో చెమ్మా.

కాలేజీ ల్యాబులకు సరుకు వేసే దుకాణంలో ఆకుపచ్చ రకం ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్ అడగండి. రెండోది ఎర్రటి పలుకులుగా ఉండాలి. లేత పసుపు పలుకులు ఇస్తే అది ఫెర్రోసైనైడ్, వెనక్కిచ్చేయండి. మొదటిది 25 గ్రాములు, రెండోది 10 గ్రాములు వేర్వేరు సీసాల్లో వేసి, ఒక్కోదాన్నీ డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ. చేయండి. బ్యాటరీల్లో పోసే నీళ్లే సరిపోతాయి. గోధుమరంగు సీసాలైతే మేలు. సిట్రేట్ సీసాలో కొన్నాళ్లకు బూజు పడుతుంది. వడకట్టి వాడుకోవచ్చు.

పని బాత్రూములో చేసేటట్టయితే ముందు అక్కడున్న యాసిడ్ సీసా బయట పెట్టండి. ఫెర్రిసైనైడ్ మీద ఘాటు యాసిడ్ పడితే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది. గ్లవుజులు తప్పనిసరి.

ట్యూబ్‌లైటు ఆర్పి, చిన్న పసుపు బల్బు వేసుకోండి. రెండు ద్రావణాలూ సమానంగా కలిపితే ఏ4 కాగితానికి మొత్తం 5 మి.లీ. చాలు. దళసరి వాటర్‌కలర్ పేపరు మీద స్పాంజి బ్రష్‌తో ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పూయండి. రేకు పట్టీ ఉన్న బ్రష్ తుప్పు వదిలితే కాగితం మీద నీలి చుక్కలు పడతాయి. చీకట్లో ఫ్యాను కింద గంటసేపు ఆరనివ్వండి, వానాకాలంలో రెండు గంటలైనా పడుతుంది. చెమ్మ మిగిలితే తెల్లగా ఉండాల్సిన చోట నీలం పాకుతుంది.

కాగితం మీద కరివేపాకు రెబ్బో, ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద ప్రింటు తీసిన నెగటివో పెట్టి, పైన గాజు అద్దం వేసి క్లిప్పులతో బిగించండి. పచ్చి ఆకు వద్దు. మే ఎండకు అద్దం కింద ఆవిరి పట్టి మరకలవుతాయి. ముందురోజే పాత పేపర్ల మధ్య పెట్టి అణచండి.

మిట్టమధ్యాహ్నం ఎండలో 5 నుంచి 8 నిమిషాలు, చలికాలం ఉదయాల్లో అంతకు రెట్టింపు. ముందు మందు పూసిన కాగితం చీలిక ఒకదాని మీద 2, 4, 6, 8 నిమిషాలు పరీక్షించి చూసుకోండి. పచ్చపసుపు కాగితం ముందు నీలిగా మారుతుంది, ఆ తర్వాత బూడిద రంగుకు తిరుగుతుంది. చాలామంది నీలం కనబడగానే తీసేస్తారు. అలా తీస్తే కడిగేటప్పుడు బొమ్మ సగం నీళ్లలో పోతుంది. బూడిద రంగు వచ్చేదాకా ఆగాలి.

కడగడంలోనే అసలు కిటుకుంది. బోరు నీళ్లలో క్షారం ఎక్కువైతే ఆ నీలాన్ని అది విడగొట్టి, పసుపుపచ్చ తుప్పు మిగులుస్తుంది. అందుకే మొదటి కడుగు లీటరు ఆర్వో నీళ్లలో రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలిపి, రెండు నిమిషాలు. తర్వాత పసుపు చాయ పూర్తిగా పోయేదాకా మామూలు ఆర్వో నీళ్లు మారుస్తూ కడగండి. చివరి నీళ్లలో మందులషాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక మూతెడు పోస్తే నీలం కళ్లెదుటే చిక్కబడుతుంది. పోయకపోయినా మర్నాటికి అదే చిక్కబడుతుంది.

నీలం వద్దు, నలుపు కావాలంటే పాలూ చక్కెరా లేని కడక్ డికాక్షన్ ఉంది. లీటరు నీళ్లలో రెండు పెద్ద చెంచాల టీపొడి పదినిమిషాలు మరిగించి, వడకట్టి చల్లార్చండి. ప్రింటును అరగంట నుంచి రెండు గంటలు నానబెడితే నల్లనీలం వస్తుంది. ముందు లీటరుకు అరచెంచా చాకలిసోడా నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి, నీలం కాస్త వెలవగానే తీసి, బాగా కడిగి టీలో వేస్తే గోధుమ నలుపు. టీలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుమును పట్టుకోవడం వల్లే ఈ మార్పు. పెడన కలంకారీలో కరక్కాయ, ఇనుప నీళ్లు కలిసి నలుపు తేవడమూ ఇదే లెక్క. టీలో ఎక్కువసేపు ఉంచితే తెల్ల భాగాలకూ మరక పడుతుంది. చెడిపోయిన ప్రింటు ఒకటి ముందు వేసి, గడియారం చూసుకోండి.