401కె డబ్బు గురించి హెచ్‌ఆర్‌ని అడిగే ముందు

అమెరికాలో చిన్న కంపెనీలో ఉద్యోగం. మార్చి 15 పేస్లిప్‌లో 401కె (కంపెనీ ద్వారా నడిచే రిటైర్మెంట్ పొదుపు) కింద 400 డాలర్లు కట్ అయ్యాయి. నెల తిరిగినా అకౌంట్‌లో పడలేదు. అడిగితే ఉద్యోగానికే ఎసరొస్తుందేమోనని హెచ్‌1బి మీదున్న మనవాళ్లు చాలామంది మాట్లాడరు. భయం ఉత్తిదేం కాదు; ఉద్యోగం పోతే దేశంలో ఉండనిచ్చే గడువు (గ్రేస్ పీరియడ్) మహా అయితే 60 రోజులు.

కానీ ఉద్యోగుల రిటైర్మెంట్, హెల్త్ ప్లాన్లను కాపాడే 1974 నాటి ఎరిసా చట్టంలో 510వ సెక్షన్ ఉంది. ప్లాన్ కింద రావలసింది అడిగారనో, రాబోయేది ఎగ్గొట్టడానికో మిమ్మల్ని తీసెయ్యకూడదు, వేధించకూడదు. వెస్టింగ్‌కి (కంపెనీ వేసిన డబ్బు పూర్తిగా మీ సొంతమయ్యే రోజుకి) కాస్త ముందు పంపించెయ్యడం కూడా ఇందులోకే రావచ్చు. హెల్త్ ప్లాన్లకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. ప్రభుత్వ ఉద్యోగుల ప్లాన్లకు మాత్రం వర్తించదు. అందరికీ కలిపి ప్లాన్ తగ్గిస్తే అది కక్ష సాధింపు కిందకి రావడం కష్టం.

చిక్కంతా రుజువు దగ్గరే. "పనితీరు బాగాలేదు, అందుకే తీసేశాం" అంటుంది కంపెనీ. కాబట్టి అడగడానికి ముందే పేస్లిప్‌లు, 401కె స్టేట్‌మెంట్లు, పోయినసారి అప్రైజల్ ఇంట్లో దాచుకోండి. మీ కాగితాలు మాత్రమే సుమా. క్లయింట్ ఫైళ్లు పర్సనల్ మెయిల్‌కి పంపుకుంటే, తీసెయ్యడానికి సాకు మీరే చేతికిచ్చినట్టు.

కాఫీ దగ్గర నోటిమాటగా అడగొద్దు. మెయిల్ పెట్టండి: "మార్చి 15న కట్ అయిన 400 డాలర్లు అకౌంట్‌లో కనిపించడం లేదు. ఎప్పుడు జమ చేశారో చెప్పగలరా?" అంతే, దొంగతనం లాంటి మాటలు వద్దు. సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ (ప్లాన్ నియమాలు వివరించే పత్రం) కాపీ కూడా ప్లాన్ అడ్మినిస్ట్రేటర్‌ని రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో పంపకపోతే కోర్టు రోజుకు 110 డాలర్ల దాకా జరిమానా వెయ్యొచ్చు.

ఇంకో మెలిక. ఎవరూ విచారణ జరపకుండా, మీ అంతట మీరు ఆఫీసులో చేసిన ఫిర్యాదుకు ఈ రక్షణ లేదని న్యూజెర్సీ కేసుల అప్పీళ్లు వినే థర్డ్ సర్క్యూట్ ఫెడరల్ కోర్టు 2010లో అంది. కొన్ని కోర్టులు ఉందన్నాయి. అందుకే జవాబు నాన్చుతుంటే కార్మిక శాఖలో ఇలాంటి ప్లాన్లను చూసే ఎబ్సా విభాగానికి, 1-866-444-3272కి ఫోన్ చెయ్యండి. ఉచితమే. మాట్లాడిన తేదీ, టైము రాసిపెట్టుకోండి.

ఒకవేళ తీసేసి, సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు) చెక్కుతో పాటు రిలీజ్ కాగితం ముందు పెడితే, ఆ సాయంత్రమే సంతకం చెయ్యకండి. కేసు వేసే హక్కు అందులోనే పోవచ్చు. ముందు లాయర్‌కి చూపించండి.