చవక బిస్కెట్ జాయినర్ కొనేముందు

తిరుపతిలో చెక్కపని చేస్తున్నానంటే చాలు, "ఎర్రచందనమా?" అని నవ్వుతారు. నాది మామిడి. బంగారుపాళ్యం దగ్గర మా మామ తోటలో ముసలి తోతాపురి చెట్టు కొట్టేస్తే, పలకలు కోయించి కొర్లగుంటలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు పలకలు పక్కపక్కన అతికించి డైనింగ్ టేబుల్ చేద్దామని. గ్రైండర్‌కు తగిలించుకుంటే బిస్కెట్ జాయినర్‌లా పలక అంచులో అతుకు గాడి కోసే అటాచ్‌మెంట్ ఒకటి చవగ్గా కనబడితే ఆన్‌లైన్‌లో తెప్పించాను. అది కోసిన గాడి ఏ రెండూ ఒక ఎత్తులో లేవు. మా నాయన ముప్పై ఏళ్లు ఉలి పట్టిన మనిషి. అతికిన బల్ల మీద బొటనవేలి గోరు అడ్డంగా లాగి, "ఏంరా, బల్ల చేసినావా, అలిపిరి మెట్లు కట్టినావా?" అన్నాడు.

తర్వాత అసలు బిస్కెట్ జాయినర్ మిషనే కొన్నాను. కొనేటప్పుడు ఏం చూడాలో అప్పటికి తెలిసొచ్చింది.

బిస్కెట్ జాయినర్‌లో 100 మిల్లీమీటర్ల చిన్న బ్లేడు ఉంటుంది. ముందుకు నెడితే చెక్క అంచులో అర్ధచంద్రాకారంగా 4 మిల్లీమీటర్ల గాడి కోస్తుంది. ఎదురు చెక్కకూ అలాంటి గాడే కోసి, రెంటి మధ్యలో బిస్కెట్ అనే బిళ్ల పెడతాం, బీచ్ చెక్కను గట్టిగా నొక్కి తయారుచేసింది. ఫెవికాల్‌లోని తడికి అది ఉబ్బి బిగుసుకుంటుంది. అయితే పలకల్ని పొడుగునా అతికేటప్పుడు బలమంతా జిగురుదే. బిళ్ల పని పలకలు జారకుండా ఒకే మట్టంలో నిలపడం. మట్టం తప్పే మిషన్ ఎంత చవగ్గా వచ్చినా దండగే.

అందుకే డబ్బామీద వాట్లు చూసి మురిసిపోకండి. పేరున్న మకిటా పీజే7000 కూడా 701 వాట్లే. చూడాల్సింది ఫెన్స్, అంటే చెక్క పైముఖం మీద ఆనే ముందు పలక. దాన్ని బిగించి చేత్తో ఊపి చూడండి. కదిలిందా, డబ్బాలో పెట్టేసి వచ్చేయండి.

కదలకపోతే ఇంకో పరీక్ష ఉంది. షాపుకు పోయేటప్పుడు జానెడు 18 ఎం.ఎం. ప్లైవుడ్ ముక్కలు రెండు, 20 నంబరు సైజు బిళ్ల ఒకటి సంచిలో వేసుకోండి. రెండు ముక్కలకూ పైముఖం మీద పెన్సిల్ గుర్తు పెట్టి, ఫెన్స్‌ను గుర్తున్న వైపే ఆనించి, సెట్టింగ్ మార్చకుండా ఒక్కో గాడి కోయించండి. జిగురు లేకుండా బిళ్ల పెట్టి కలిపి, అతుకు మీద గోరు లాగండి. తట్టుకోకూడదు. బిళ్ల వేలితో నెడితే దిగాలి, లోపల గలగలమనకూడదు. షాపాయన విసుక్కుంటాడు, పట్టించుకోకండి. లేబుల్ మీద 220-240 వోల్టులు ఉందో లేదో, విడి బ్లేడు దొరుకుతుందో లేదో కూడా అక్కడే అడిగేయండి.

ఆన్‌లైన్‌లోనే కొంటే వాపసు గడువు దాటకముందే ఇంట్లో ఈ పరీక్ష చేయండి. నేను అటాచ్‌మెంట్‌ను నెల తర్వాత విప్పి చూశాను. ఎవరినేం అనాలి!

ఏడాదికి ఒకటో రెండో బల్లలు చేసేవాళ్లకు ఈ మిషనే అక్కర్లేదు. చెక్కలో గాళ్లు తీసే ట్రిమ్మరో రూటరో ఉంటే దానికి 4 ఎం.ఎం. స్లాట్ బిట్ వేసుకోవచ్చు. డ్రిల్ మిషన్ ఒక్కటే ఉంటే డోవెల్ జిగ్ కొనండి, అంటే డోవెల్స్ అనే గుండ్రటి చెక్క పుల్లలకు బెజ్జాలు తిన్నగా వేయించే పట్టు. పని నిదానమేగానీ అతుకు గట్టిగా ఉంటుంది. కుర్చీ కాళ్లకైతే నేను డోవెల్సే వాడతాను, సన్నటి చట్రంలో చిన్న బిళ్ల కుర్చీ ఊపుకు ఆగదు. బిళ్లకు బదులు మందపాటి చెక్క ముక్కకు గాడి కోసే ఫెస్టూల్ కంపెనీ డొమినో మిషన్ గొప్పదే. దాని ధర మా ఆవిడ ముందు చెప్పలేను.

బిళ్లలు 0, 10, 20 నంబర్లలో వస్తాయి. బల్లలకు ఎక్కువగా 20 చాలు. మూత గట్టిగా పట్టే డబ్బాలో దాచండి. నవంబరు ముసుర్లో నావి డబ్బాలోకి రాకముందే గాలి తేమకు ఉబ్బిపోయి గాడిలో దిగనన్నాయి. ఎండ వచ్చాక మిద్దె మీద ఆరబెడితే కొన్ని దారికొచ్చాయి. ఇప్పుడు మురుకుల డబ్బాలో ఉంటాయి, మురుకులు కవర్‌లోకి మారాయి.

అతికిన మర్నాడే చిత్రిక పట్టకండి. బిళ్ల ఉన్నచోట చెక్క ఇంకా ఉబ్బే ఉంటుంది. అప్పుడు చదును చేస్తే, ఆరాక అక్కడ బిళ్ల ఆకారంలో గుంటలు తేలతాయి. నాలుగైదు రోజులు ఆగండి. మా టేబుల్ మీద రెండు గుంటలున్నాయి. వాటిమీద ఎప్పుడూ ఊరగాయ జాడీ ఉంటుంది.