మెదడు అన్యూరిజానికి కాయిలింగ్: ఇంటివారు చేయవలసినవి

మెదడులోని రక్తనాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడమే అన్యూరిజం; అది పగిలితే ప్రాణాపాయం. అందుకే ఎన్నడూ ఎరుగనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా వచ్చి, వాంతులో, మెడ పట్టేయడమో, స్పృహ తప్పడమో కనిపిస్తే, మాత్ర వేసి తెల్లవారేదాకా చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఉదయగిరి, కనిగిరి వంటి మెట్ట ప్రాంతాలవారు సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా చేరడం మేలు.

ఆ ఉబ్బును లోపలి నుంచి మూసే చికిత్స అయిన కాయిలింగ్‌లో పుర్రె తెరవరు. గజ్జలోని లేదా మణికట్టులోని ధమని గుండా సన్నని గొట్టాన్ని ఎక్స్‌రే తెరపై చూస్తూ మెదడు దాకా నడిపి, వెంట్రుకలాంటి ప్లాటినం తీగచుట్టలతో రక్తనాళపు ఉబ్బును నింపుతారు. అక్కడ రక్తం గడ్డకట్టి, ఉబ్బులోకి ప్రవాహం ఆగుతుంది. రక్తనాళాలు ఎక్స్‌రేలో కనిపించేందుకు రంగు మందు ఎక్కిస్తారు కనుక మూత్రపిండాల జబ్బు, మెట్‌ఫార్మిన్ (మధుమేహపు మాత్ర) వాడకం, పాత అలర్జీలు తప్పక ముందే చెప్పాలి. గజ్జ నుంచి చేస్తే, చెప్పినన్ని గంటలు ఆ కాలు మడవకూడదు. స్టెంట్ (రక్తనాళంలో ఉంచే సన్నని జాలీ గొట్టం) కూడా అమర్చితే, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలను, పన్ను పీకించుకోవడానికైనా సరే, కాయిలింగ్ చేసిన వైద్యుణ్ణి అడగకుండా ఒక్క పూట కూడా మానరాదు.