మొదటి ప్రెగ్నెన్సీ చెకప్‌లో నర్సు అడగాల్సినవి, చెప్పాల్సినవి

మొదటిసారి చెకప్‌కు వచ్చిన గర్భిణికి జాగ్రత్తలన్నీ ఒకేసారి చెప్పేస్తే ఇంటికి వెళ్లేసరికి సగం కూడా గుర్తుండవు. అందుకే ఆ రోజు ఎక్కువగా అడగండి, చెప్పేది కొంచెమైనా సరే అర్థమయ్యేలా చెప్పండి.

అన్నిటికంటే ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. వెంట వచ్చినవాళ్లు ఎంత మంచివాళ్లైనా కాసేపు బయట కూర్చోమనండి, ఎందుకంటే ఇదివరకటి అబార్షన్, సిగరెట్, మద్యం అలవాటు, ఇంట్లో ఎవరైనా కొట్టడం లాంటివి పక్కన మనిషి ఉంటే నోటికి రావు. "ఈ ప్రశ్నలు అందరినీ అడుగుతాం" అని మొదలుపెట్టి సూటిగా అడగండి, అడిగేసి వెంటనే కంప్యూటర్ వైపు తిరిగిపోవద్దు.

తర్వాత చివరి నెలసరి మొదటి రోజు. దానికి 7 రోజులు కలిపి 3 నెలలు వెనక్కి వెళ్తే డెలివరీ డేట్ వస్తుంది: మార్చి 10 అయితే డిసెంబర్ 17. ఇది 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్ల లెక్క, కాబట్టి ఎన్ని రోజులకోసారి వస్తుందో కూడా రాసుకోండి. సరిగ్గా గుర్తులేకపోతే ఊహించి రాయకండి, స్కానింగ్‌లో తేలుతుంది.

వాడుతున్న మందులన్నీ, పేరు తెలియకపోతే స్ట్రిప్ అయినా సరే, చూపించమనండి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, కొన్ని బీపీ మాత్రలు బిడ్డకు హాని చేస్తాయి, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఫిట్స్ మందు వాడుతుంటే మాత్రం భయపడి తనంతట తాను ఆపేయొద్దని గట్టిగా చెప్పండి, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వచ్చి తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వీపుకు ఆసరా ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, చేతికి సరిపోయే కఫ్ (చేతికి చుట్టే బీపీ మెషిన్ పట్టీ) వాడాలి, కఫ్ చిన్నదైతే బీపీ ఎక్కువగా చూపిస్తుంది. బరువు, ఎత్తు, మూత్ర పరీక్ష మామూలే. రక్తంలో హిమోగ్లోబిన్, గ్రూపు, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి చూస్తారు. ఏది ఎందుకో సూది గుచ్చేముందే చెప్పండి. రక్తం గ్రూపు ఆర్‌హెచ్ నెగెటివ్ (ఎ నెగెటివ్, ఓ నెగెటివ్ లాంటివి) వస్తే ఫైల్ పైనే కనిపించేలా రాయండి.

ఇంటికి పంపేముందు ఆమెకు మూడు విషయాలు తెలియాలి. ఒకటి మాత్రలు: ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, డాక్టర్ ఇంకా ఎక్కువ రాస్తే అదే. ఐరన్ ఇస్తే టీ, కాఫీతో కలిపి వేసుకోవద్దు, విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే కంగారుపడి మానేస్తారు. రెండోది ఎప్పుడు పరుగెత్తుకు రావాలన్నది: రక్తస్రావం, తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, నీళ్లు కూడా నిలవనంత వాంతులు. నెలలు పెరిగాక తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఉమ్మనీరు పోవడం కూడా, వాటి గురించి వచ్చే విజిట్లలో మళ్లీ చెప్పొచ్చు. మూడోది వచ్చే చెకప్ డేట్. గర్భం మొత్తంలో కనీసం 8 సార్లు, మొదటిది 12 వారాల లోపు చూపించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. ఆలస్యంగా వచ్చినవాళ్లను మాత్రం తిట్టొద్దు, తిడితే మళ్లీ రారు.

"అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. "రాత్రిపూట బ్లీడింగ్ కనిపిస్తే ఏం చేస్తారు?" అని అడిగి ఆమె నోటితోనే చెప్పించండి. "పొద్దున చూద్దాంలే అనుకుంటా" అంటే మళ్లీ మొదటి నుంచి చెప్పి, ఆ టైమ్‌లో ఫోన్ చేయాల్సిన నంబర్ ఆమె ఫోన్‌లో మీ ఎదుటే సేవ్ చేయించండి.