స్టెరాయిడ్ కోర్సు మొదలుపెట్టే ముందు: తుంటి ఎముక జాగ్రత్తలు

లూపస్, నెఫ్రోటిక్ సిండ్రోమ్, పెంఫిగస్, కిడ్నీ మార్పిడి లాంటి వాటిలో డాక్టరు నెలల తరబడి స్టెరాయిడ్ రాశారంటే వాడి తీరాలి. చాలామందికి ప్రాణం నిలబెట్టే మందు అది. కానీ ఎక్కువ మోతాదులో వాడినవాళ్లలో కొందరికి తుంటి కీలులో తొడ ఎముక తల రక్తం అందక చచ్చిపోతుంది. ఆస్పత్రుల్లో ఏవీఎన్ (అవాస్కులర్ నెక్రోసిస్) అనేది దీన్నే. ముప్ఫై నలభై ఏళ్ల వయసువాళ్లకూ వస్తుంది.

ఇందులో కొవ్వుది పెద్ద పాత్ర. స్టెరాయిడ్ వల్ల రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, కొలెస్ట్రాల్ పెరగవచ్చు. అసలు తిరకాసు మాత్రం ఎముక మజ్జలో ఉంది. ఎముకను కట్టాల్సిన మూలకణాలు కొవ్వు కణాలుగా మారిపోతాయి, ఉన్న కొవ్వు కణాలు ఉబ్బుతాయి. ఎముక ఇనప్పెట్టె లాంటిది, లోపలి సరుకు పెరిగిందని తాను సాగదు. దాంతో ఒత్తిడి పెరిగి సన్నటి రక్తనాళాలు నలిగిపోతాయి. కొవ్వు బిందువులు అడ్డుపడటం, రక్తం గడ్డకట్టే గుణం పెరగడం దీనికి తోడు. తొడ ఎముక తలకు రక్తం తెచ్చే ప్రధాన దారి దాదాపు ఒక్కటే కాబట్టి దెబ్బ అక్కడే ఎక్కువ.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజుకు 20 మి.గ్రా. దాటి వారాల తరబడి వాడితే, మొత్తం కలిపి 2 గ్రాములు దాటితే ముప్పు ఎక్కువని చెబుతారు. 40 మి.గ్రా. చొప్పున యాభై రోజులకే 2 గ్రాములవుతుంది. అంతకు లోపలైతే భయం లేదనుకోవద్దు. ముంబై వైద్యులు 2021లో వివరాలు ప్రచురించిన ముగ్గురు కోవిడ్ రోగులు వాడింది సగటున 758 మి.గ్రా. మాత్రమే, నొప్పి సుమారు రెండు నెలలకే మొదలైంది. ఇన్‌హేలర్లు, మామూలుగా వాడే చర్మం క్రీములతో ఈ భయం చాలా తక్కువ.

మొదటి మాత్ర వేసుకునే ముందే పరగడుపున లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), షుగర్ చేయించండి. మద్యం అలవాటుంటే దాచకండి, స్టెరాయిడ్‌కు మద్యం తోడైతే తుంటికి ముప్పు పెరుగుతుంది. కోర్సు నడిచినన్నాళ్లూ మానేయడమే మేలు. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ జబ్బు (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య జబ్బు) ఉందేమో కూడా చెప్పాలి. రక్తంలో కొవ్వు ఎక్కువుంటే దాన్ని తగ్గించే స్టాటిన్ మందు ఇవ్వాలా అన్నది డాక్టరే తేలుస్తారు. స్టాటిన్ తుంటిని కాపాడుతుందన్న ఆశ ఉంది గానీ గట్టి రుజువు లేదు, సొంతంగా కొనుక్కోవద్దు. కాల్షియం, విటమిన్ డి బిళ్లలు ఎముక గుల్లబారకుండా సాయపడతాయి తప్ప ఏవీఎన్‌ను ఆపవు. ఎముక గుల్లబారడం, ఏవీఎన్ రెండూ ఒకటేననుకుని ధీమాగా ఉండేవాళ్లు ఎక్కువ.

ఓ నోటుబుక్ పెట్టి మందు పేరు, మోతాదు, తేదీలు రాయండి. వైసలోన్, ఓమ్నాకార్టిల్, మెడ్రాల్, డెక్సోనా, బెట్నెసాల్ అన్నీ స్టెరాయిడ్లే. 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ చేసే పని డెక్సామెథసోన్ 0.75 మి.గ్రా.తోనే అవుతుంది. అంటే ఒళ్లునొప్పులకని ఊళ్లో వేయించుకునే 8 మి.గ్రా. డెక్సా ఇంజక్షన్ ఒక్కటి 50 మి.గ్రా. పైచిలుకు ప్రెడ్నిసొలోన్ కింద లెక్క. అదీ పుస్తకంలోకి ఎక్కాలి. పేరు లేని కీళ్లనొప్పుల పొడుల జోలికి అసలే వెళ్లొద్దు, వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు.

నొప్పి ముందుగా గజ్జల్లో వస్తుంది. ఒక్కోసారి పిరుదులో, తొడలో, మోకాల్లో తెలుస్తుంది. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం, కాలు లోపలికి తిప్పడం కష్టమవుతాయి. సయాటికా (నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి) అనుకుని నడుముకు స్కాన్ తీయించి, నూనె మర్దనాలతో నెలలు పోగొట్టుకుంటారు. తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపిస్తుంది, అది చూసి నిశ్చింతగా ఉండకూడదు. "స్టెరాయిడ్ వాడాను, తుంటికి ఎమ్మారై అవసరమా?" అని మీరే అడగండి. రెండో వైపు కూడా తరచూ దెబ్బతింటుంది కాబట్టి రెండు తుంటులూ చూడాలి. తొడ ఎముక తల కుంగకముందే పట్టుకుంటే డ్రిల్లింగ్‌తో లోపలి ఒత్తిడి తగ్గించే కోర్ డీకంప్రెషన్ లాంటి చికిత్సలకు వీలుంటుంది. కుంగాక చాలామందికి మిగిలేది కీలు మార్పిడే.

నొప్పి మొదలైందని స్టెరాయిడ్ మాత్రం ఒక్కసారిగా ఆపకండి. మూడు వారాలకు మించి వాడాక కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఒంట్లోని సహజ స్టెరాయిడ్ అయిన కార్టిసాల్‌ను సొంతంగా తయారుచేయడం తగ్గించేస్తాయి, హఠాత్తుగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. మోతాదు మెల్లగా దించేది మందు రాసిన డాక్టరే. కోర్సు ముగిశాక కూడా ఒకటి రెండేళ్లు ఆ నోటుబుక్ పారేయకండి. నొప్పి వచ్చేసరికి ఏ మందు వాడారో మీకు గుర్తుండకపోవచ్చు.