కలన గణితం మనంతట మనమే – 7వ పాఠం: క్యాలిక్యులేటర్ లేకుండా సైన్ 31°

సైన్ అవకలజం (వక్రం ఒక్కో బిందువు దగ్గర ఎంత వాలుగా ఉందో చెప్పేది) కాస్ అనీ, కాస్ అవకలజం మైనస్ సైన్ అనీ కిందటి పాఠంలో రాబట్టాం. ఈసారి వాటిని వాడుకుందాం.

సైన్ 30° ఎంతంటే 0.5 అని ఠక్కున చెప్తాం. 31° అడిగితే? 30° దగ్గర సైన్ వక్రానికి స్పర్శరేఖ గీయండి. ఒక్క డిగ్రీ జరిగేసరికి వక్రం ఆ రేఖను పెద్దగా వదిలిపోదు. వక్రం ఎత్తు తెలియకపోయినా, రేఖ ఎత్తు లెక్కకట్టడం తేలికే.

కొత్త విలువ ≈ తెలిసిన విలువ + (అక్కడి అవకలజం × కోణంలో తేడా)

తేడా దగ్గర 1 అని వేసేశారా? జవాబు 1.366 వస్తుంది, సైన్ ఏమో 1 దాటదు! సైన్ అవకలజం కాస్ అన్న మాట కోణం రేడియన్లలో ఉంటేనే చెల్లుతుంది. 1° అంటే పై/180, అంటే 0.017453 రేడియన్లు. బట్టీ నాకు గిట్టదు గానీ, ఈ అంకెను బట్టీ పట్టేయండి.

సైన్ 31° ≈ 0.5 + 0.866025 × 0.017453 = 0.515115

అసలు విలువ 0.515038. దోషం 0.000077, అదీ ఎక్కువ వైపు. 30° దగ్గర సైన్ వక్రం కిందికి వంగుతుంది కాబట్టి రేఖ దానికి పైన ఉండిపోతుంది.

ఇప్పుడు టాన్ 46° చూడండి. 45° దగ్గర టాన్ 1, దాని అవకలజం (సెక్ వర్గం) 2.

టాన్ 46° ≈ 1 + 2 × 0.017453 = 1.034906

అసలు విలువ 1.035530. జరిగింది ఇక్కడా ఒక్క డిగ్రీయే, కానీ దోషం 0.000624. దాదాపు 8 రెట్లు! పైగా ఈసారి తక్కువ వైపు, ఎందుకంటే టాన్ వక్రం పైకి వంగుతుంది. మరి 8 ఎక్కడిది? దోషం సుమారుగా రెండో అవకలజం (అంటే అవకలజానికి అవకలజం) × తేడా వర్గం ÷ 2. సైన్ రెండో అవకలజం 30° దగ్గర −0.5, టాన్‌కి 45° దగ్గర 4. గుర్తు పక్కనపెట్టి భాగించి చూడండి. నాకైతే ఈ పాఠంలో అసలు మజా ఇదే.

కాస్ 58° మీరే చేయండి. 60° నుంచి బయల్దేరితే తేడా −2°, అవకలజమూ మైనస్సే, కాబట్టి కలపాల్సింది ప్లస్ అవుతుంది. మీకు 0.53023 రావాలి, అసలు విలువ 0.52992. దోషం సైన్ 31°కి వచ్చినదానికి నాలుగింతలు ఎందుకైందో పై సూత్రంతోనే తేల్చండి.

ధైర్యం ఎక్కువై 60° నుంచి టాన్ 89°కి దూకితే మాత్రం 3.76 వస్తుంది. అసలు విలువ 57.29.